సుబేదారప్ప క్వారీలో మట్టి పళ్లేలు

సుబేదారప్ప పోయారు. ఆ మాట నాకు ఫోనులో చెప్పింది పళ్లేల తాత. స్కూలు మైదానంలో పిల్లల్ని డ్రిల్లుకు నిలబెడుతుండగా ఫోను మోగింది. తాతకు ఫోనులో కుశల ప్రశ్నలు అడిగే అలవాటు లేదు. "వాడు సచ్చిపాయ పాపా" అన్నాడు. "పొద్దున్నే కాఫీ తాగి లోటా కింద పెట్టినాడంట. మళ్ల లేయలేదంట." ఆ తర్వాత ఒక బండబూతు తిట్టి పెట్టేశాడు. ఆ తిట్టు పోయినవారికో, తీసుకుపోయిన దేవుడికో నాకు తెలియలేదు. పిల్లలు నా ముఖం చూసి తమంతట తామే వరుస సర్దుకున్నారు.

ఆయన శాంతమూర్తి అనీ, చీమకైనా హాని తలపెట్టని మనిషి అనీ ఈ వారంలో చాలామంది నాతో అన్నారు. వింటుంటే నాకు ఒళ్లు మండింది. పోయినవాళ్లందరికీ ఒకే పూలదండ వేస్తారు మనవాళ్లు. సుబేదారప్ప శాంతమూర్తి కాదు. కోపం ముక్కు మీదే ఉండేది, దాన్ని కొరడాలా వాడేవారు. తుపాకి గుండు మనిషి ఒంట్లో దూరితే ఏమవుతుందో ఎవరో చెప్పగా విన్నవారు కాదు, తన చేత్తో చేసి తెలుసుకున్నవారు. అలాంటి మనిషి దగ్గర నేను తుపాకి నేర్చుకున్నాను. కనుక ఈ నాలుగు మాటల్లో తియ్యదనం తక్కువగా ఉంటే చదివేవాళ్లు ఏమీ అనుకోవద్దు.

ఆదోని చుట్టుపక్కల మిలిటరీ పింఛనుతో వచ్చినవాళ్లకు కొదవ లేదు. ఒకరు బ్యాంకు గేటు దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంటారు, ఒకరు పత్తి పెట్టుకుని వానదేవుణ్ని తిడుతుంటారు. ఈయన మాత్రం ఆదోని నుంచి ఎమ్మిగనూరు వచ్చే దారికి పక్కన, రాయి తీయడం మానేసిన పాత క్వారీ ఒకదాన్ని పట్టుకున్నారు. కాగితాలన్నీ సరిచేసుకుని, లైసెన్సున్న పన్నెండు బోరు రెండు గొట్టాల తుపాకితో, గాలిలోకి ఎగరేసిన మట్టి పళ్లేలను కాల్చే ఆట నేర్పేవారు. పెద్ద ఊళ్లలో దీన్ని మట్టి పావురాల ఆట అంటారు. తాత దానికి నవ్వేవాడు. పేరు పావురమంట, చూస్తే ప్రమిద అనేవాడు.

అది నిజంగా ప్రమిదే. దుకాణాల్లో దొరికే పళ్లేలు బెంగళూరు నుంచి రావాలి, దారిలోనే సగం పగిలేవి. అందుకని సుబేదారప్ప కుమ్మరి దగ్గర బోర్లించిన మూకుడులాంటి పళ్లేలు చేయించారు. మొదటి బండెడు చక్కగా కాలి వచ్చాయి. గుండులోని రవ్వలు తగిలితే టంగుమన్నాయే గాని ఒక్కటీ పగల్లేదు. మళ్లీ వెళ్లి, సగం కాల్చి ఇవ్వు, తగిలితే పగలాలి అన్నారట. పగిలే కుండ అడిగినవాణ్ని మా వంశంలో ఎవరూ చూడలేదని కుమ్మరి అలిగి లోపలికి వెళ్లిపోయాడట. బతిమాలి బయటికి రప్పించడానికి సుబేదారప్పకు ఒక పూట పట్టింది.

ఆ పళ్లేలను ఎగరేసేవాడు పళ్లేల తాత. లారీ కమాను పట్టీతో ఆదోనిలో వెల్డింగు చేయించిన ఒక ఇనుప చెయ్యి ఉండేది. దాన్ని వెనక్కి లాగి, పళ్లెం పెట్టి, కొక్కెం వదిలితే పళ్లెం ఈల వేసుకుంటూ లేచేది. ఏమరుపాటున ఉంటే ఎముక కూడా లేచేది. నేర్చుకునేవాళ్లలో ఒకడి మణికట్టు అట్లాగే విరిగింది. ఆ యంత్రం, తాత ఇద్దరూ తుపాకులకు ఎదురుగా, ముందున్న గుంతలో ఉండేవారు. తాతకు ఎడమకాలు మోకాలి కింద నుంచి లేదు. చంకకర్ర పైన పెట్టి, గుంతలోకి జారి కూర్చునేవాడు.

ఇక నేను అక్కడికి ఎందుకు వెళ్లానో చెప్పాలి. ఆటమీద మోజుతో కాదు.

మాది ఎమ్మిగనూరులో మగ్గం ఇల్లు. అమ్మా నాన్నా నేస్తారు, నేనూ తమ్ముడూ ఊహ తెలిసినప్పటి నుంచి నేశాం. ఒక ఎండాకాలం మా వీధికి నీళ్ల ట్యాంకరు వచ్చింది. బిందెల వరుసలో తమ్ముడికీ, వీధి చివర ఉండే ఒకడికీ మాట పెరిగింది. ఎవరి బిందె ముందు అన్నదే గొడవ. వాడు ట్యాంకరు మీదున్న పైపు పానా తీసి తమ్ముడి తలమీద కొట్టాడు. పడిపోయాక మళ్లీ కొట్టాడు. నేను బిందె పట్టుకుని అంత దూరంలో ఉన్నాను. ఆ చప్పుడు ఎలాంటిదో నేను రాయను. కొళాయి కట్టేసేవాడు లేక నీళ్లు కారిపోతూనే ఉన్నాయి, ఎర్రగా మారి కాలవలోకి పోయాయి. కర్నూలు ఆసుపత్రిలో తమ్ముడు కళ్లు తెరవకుండానే పోయాడు. వాడికి పందొమ్మిదేళ్లు.

వీధంతా చూసింది. వీధిలో ఎవరికీ ఏమీ కనబడలేదు. వాడి మనుషులు ఇంటింటికీ తిరిగారు. కొన్నాళ్లకు వాడు బెయిలు మీద అదే వీధికి వచ్చాడు. మా గడప ముందు బండి ఆపి రయ్యిమనిపించి పోయేవాడు. లోపల మగ్గం మీద అమ్మ చేతులు ఆగిపోయేవి. అప్పుడు నిర్ణయించుకున్నాను, వాణ్ని చంపాలని. కత్తితో అయితే దగ్గరికి పోవాలి, దగ్గరికి పోతే వాడు నాకంటే బలమైనవాడు. అందుకే తుపాకి. కానిస్టేబులు ఉద్యోగానికి క్రీడల కోటాలో పనికొస్తుందని ఇంట్లో చెప్పి, స్కూటీ వేసుకుని క్వారీకి వెళ్లాను.

సుబేదారప్ప నన్ను పైనుంచి కిందికి చూశారు. ఏ ఊరు, ఏం పని అని అడిగారు. ఎందుకు నేర్చుకోవాలని మాత్రం అడగలేదు. నెలరోజుల పాటు తుపాకి ముట్టనివ్వలేదు. రెండు చేతులు చాచి, వేళ్ల మధ్య చిన్న కిటికీ చేసి, దూరంగా ఉన్న రాయిని అందులోంచి చూడమన్నారు. ఒక కన్ను మూయి, ఇంకో కన్ను మూయి అన్నారు. నా కుడికన్నే పెత్తనం చేసే కన్నని తేల్చి, అదృష్టవంతురాలివి అని గొణిగారు. ఆ తర్వాత వేలు చూపిస్తూ పళ్లేల వెంట తిరగమన్నారు. ఎగిరే పళ్లెం మీదికి వేలు పెడితే వేలు అక్కడికి చేరేసరికి పళ్లెం అక్కడ ఉండదు. "అది యాడుందో ఆడికి సూడొద్దు పాపా, యాడికి పోతాందో ఆడికి సూడు" అనేవారు. ఆ మాట ఆయన రోజుకు ఎన్నిసార్లు అనేవారో లెక్క లేదు.

తుపాకి చేతికి వచ్చిన రోజు మొదటి గుండుకే భుజం పోయిందనుకున్నాను. తుపాకి వెనక మడమను భుజానికి గట్టిగా ఆనించకుండా అంగుళం సందు వదిలాను, ఆ సందులో అది గాడిదలా తన్నింది. దవడ అదిరి నాలుక కొరుక్కున్నాను, నోట్లో రక్తం. ఉమ్మి మళ్లీ నిలబడమన్నారు. ఎడమకాలు ముందు, బరువు ముందు కాలిమీద, చెంప తుపాకి కర్రకు ఆనించి, రెండు కళ్లూ తెరిచి. మేం పళ్లెం కావాలంటే "ఇడ్సు" అని అరవాలి. అరిచాను, అది లేచింది, నేను కాల్చాను, అది హాయిగా వెళ్లి అవతలి బండమీద పడి పగిలింది. ఆ రోజంతా అంతే. ఇంటికి పోయి స్నానం చేస్తుంటే భుజం నల్లగా కమిలి ఉండటం అమ్మ చూసింది. ఎవరు కొట్టారే అని ఏడ్చింది. ఎవరూ కొట్టలేదు, నేనే నేర్చుకుంటున్నాను అన్నాను. ఎందుకు నేర్చుకుంటున్నానో ఆమెకు అప్పటికే తెలుసనుకుంటాను.

నా గుండ్లన్నీ పళ్లెం వెనక నుంచి పోయేవి. వారాలు గడిచాయి. నా పక్కన నేర్చుకున్న పత్తి వ్యాపారి కొడుకు పదింటికి ఆరు కొడుతుంటే నేను ఒకటి కొట్టి పండగ చేసుకునేదాన్ని. సుబేదారప్పకు నా జబ్బు అంతుపట్టలేదు. తిట్టారు, నా వెనక నిలబడి చూశారు, పక్కన కూర్చుని చూశారు. ఒకరోజు నాతోపాటు ఎమ్మిగనూరు వచ్చి మా ఇంట్లో టీ తాగారు. నేను అమ్మ బదులు కాసేపు మగ్గంలో కూర్చున్నాను. ఆయన గ్లాసు పట్టుకుని అట్లాగే చూస్తూ ఉండిపోయారు. కుడిచేత్తో తాడు లాగితే పోగు మోసే నాడె అటునుంచి ఇటు పరుగెడుతుంది. అది చేరీ చేరకముందే ఎడమచేత్తో పలకను మనవైపు లాగి పోగును బిగించాలి. కుడిచెయ్యి కదిలిందంటే ఎడమచెయ్యి దానంతట అదే వెనక్కి వస్తుంది.

"ఇదా నీ రోగం" అన్నారు గ్లాసు కింద పెట్టి. "నువ్వు కాల్సటం లేదు పాపా, నేస్తాండావు."

నిజమే. కుడిచేతి వేలు మీట నొక్కగానే, గొట్టం కింద ఉన్న ఎడమచెయ్యి పలకను లాగినట్టు తుపాకిని వెనక్కి లాగేసేది. పళ్లెం ముందుకు పోయేది, తుపాకి అక్కడే ఆగిపోయేది. ఊళ్లో ఇంకెవరికీ రాని రోగం, సాలెవాళ్లకే వస్తుంది. మందు కూడా ఆయనే కనిపెట్టారు. కాల్చిన తర్వాత కూడా గొట్టం పళ్లెం వెంటే పోతూ ఉండాలి, పళ్లెం పగిలినా సరే, ముక్కలు నేలమీద పడేదాకా పోతూ ఉండాలి. చీపురు పట్టుకుని రోజూ ఇంటి ముందు కాకుల వెంట తిప్పాను. వీధిలో నవ్వుకున్నారు. నెల తిరిగేసరికి పళ్లేలు పగలడం మొదలైంది. ఆ నెలే నేను నేసిన బట్టంతా వదులుగా వచ్చింది, ఎడమచెయ్యి పలకను బిగించడం మరిచిపోయింది. అమ్మ బట్టను వెలుతురుకు పట్టి చూసి, దీంట్లో జొన్నలు జల్లించుకోవచ్చు అంది.

పళ్లెం గాలిలో పగలడం చూసినవాళ్లకే తెలుస్తుంది. నల్లటి పొగలా విచ్చుకుంటుంది, తర్వాత ముక్కల వాన. నాకు ప్రతిదానిలో వాడి తల కనబడేది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. కానీ ఒకసారి నేను ముక్కలు పడేదాకా పళ్లు కొరుకుతూ చూస్తుంటే సుబేదారప్ప వెనకనుంచి, "పగిలినదాన్ని సూడొద్దు, రెండోది వస్తాంది" అన్నారు.

ఆ క్వారీలో ఒక పద్ధతి ఉండేది. అది మరెక్కడా లేదని తర్వాత తెలిసింది. ఎవరైనా సరే, కాల్చబోయే ముందు గుంత దాకా నడిచి పోయి, తుపాకిని నడుము దగ్గర వంచి తెరిచి, తాత చేతికి ఇవ్వాలి. తాత దాన్ని ఆకాశం వైపు పట్టి రెండు గొట్టాల్లోంచి చూస్తాడు. ఖాళీగా ఉందని తేలాక మన చేతికిచ్చి, అప్పుడు గుంతలోకి జారతాడు. మొదలుపెట్టేటప్పుడూ అంతే, కాల్చి వచ్చేటప్పుడూ అంతే. సుబేదారప్ప కూడా చేసేవారు. ఆ వయసులో, మోకాళ్లు పట్టేస్తున్నా, ప్రతి పొద్దూ నడిచి పోయి ఇచ్చేవారు. మిలిటరీ జాగ్రత్త కాబోలని మేమంతా అనుకున్నాం. తాతా ఆయనా రోజంతా తిట్టుకుంటూనే ఉండేవారు. పళ్లెం ఎత్తు తక్కువని సుబేదారప్ప, గుడ్డివాడికి ఎత్తెందుకని తాత. తుపాకి ఇచ్చిపుచ్చుకునే ఆ కాసేపు మాత్రం ఇద్దరూ నోరు మెదిపేవారు కాదు.

ఒక ఆదివారం పొద్దున మా వీధికి ట్యాంకరు వచ్చింది. వాడు తన బిందె నింపుకుని, మిగిలిన నీళ్లు మా గడపమీద పోశాడు. "ఈ నీళ్లు సాలా, ఇంకా గావాల్నా?" అన్నాడు మా అమ్మతో. అమ్మ గడప తుడిచింది. తుడుస్తున్న ఆమె వీపు చూశాను. నేరుగా క్వారీకి వెళ్లాను. మామూలుగానే నాలుగు పళ్లేలు కాల్చాను, నాలుగూ పగిలాయి. ఆరోజు ఇంకెవరూ రాలేదు. సుబేదారప్ప అవతలి గట్టుమీద కుమ్మరి బండి దగ్గర బేరం మాట్లాడుతున్నారు. నేను రెండు గుండ్లు పెట్టి తుపాకి మూసి, మేం నేసిన దుప్పటిలో చుట్టి, స్కూటీ వైపు నడిచాను. ఇప్పటికిప్పుడు పోతే వాడు ఇంటిముందు బండి తుడుచుకుంటూ ఉంటాడని నాకు తెలుసు.

గుంతలోంచి పైకి వచ్చిన తాత దారిలో బండమీద కూర్చుని జొన్నరొట్టె తింటున్నాడు. తలెత్తి చూశాడు. ఎంగిలి చేతిని పంచెకు తుడుచుకుని ముందుకు చాచాడు.

నేను దుప్పటి విప్పి తుపాకి తెరిచి ఇచ్చాను. ఎందుకిచ్చానని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. ఆ చెయ్యి చాస్తే తెరిచి ఇవ్వడం అన్నది అన్నాళ్లలో ఒంట్లోకి దిగిపోయింది, మగ్గంలో ఎడమచెయ్యి దిగినట్టే. రెండు గుండ్ల ఇత్తడి మూతలు ఎండలో మెరిశాయి. తాత రెంటినీ వేలితో పెరికి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఎవురికి?" అన్నాడు.

చెప్పాను. తమ్ముడి సంగతి, పానా సంగతి, నీళ్ల సంగతి అంతా ఒక్క ఊపిరిలో కక్కేశాను. తాత రొట్టె ముక్క నమిలి మింగాడు. పంచె తొడదాకా పైకి లాగి, నా చెయ్యి పట్టుకుని మోకాలి పైన ఆనించాడు. చర్మం కింద గింజలు తగిలాయి. నొక్కితే పక్కకు జరిగాయి, మళ్లీ వచ్చాయి. చెయ్యి లాక్కోబోతే వదల్లేదు.

"తీస్తే తొడ కూడా పోతాదన్న్యారు డాక్టర్లు. చలికాలం కొరుకుతాయి" అన్నాడు.

ఎవరు కాల్చారని అడిగాను. తాత గడ్డంతో అవతలి గట్టు వైపు చూపించాడు. అక్కడ సుబేదారప్ప ఒక పళ్లెం తీసుకుని వేలితో కొట్టి చప్పుడు వింటున్నారు.

తాత చెప్పింది క్లుప్తంగా రాస్తాను. ఇద్దరిదీ ఒకే పల్లె. రెండు ఇళ్ల మధ్య చేనిగట్టు తగాదా. రాయిని ఎవరు జరిపారో ఇప్పుడు ఎవరికీ తెలియదు. తాత వయసులో ఉన్నప్పుడు సుబేదారప్ప అన్నను కొడవలితో నరికాడు, మెడమీద, గట్టుమీదే. మరుసటి వారం చచ్చినవాడి తమ్ముడు, అప్పటికి పద్దెనిమిదేళ్ల సుబేదారప్ప, వాళ్ల నాన్న నాటు తుపాకి తీసుకుని జొన్నచేలో కూర్చున్నాడు. తాత పరుగెత్తుతుంటే గుండెకు గురిపెట్టి కాల్చాడు, కాలికి తగిలింది. మూడోరోజుకు కాలు కుళ్లింది, తీసేశారు. రెండు కేసుల్లోనూ పల్లెలో సాక్ష్యం చెప్పేవాడు లేడు. రెండూ కొట్టేశారు. తండ్రి సుబేదారప్పను మిలిటరీకి తోలాడు.

"పింఛను తీసుకుని వచ్చినాడు గదా, మొదులు మా ఇంటికే వచ్చినాడు" అన్నాడు తాత. "ఈ తుపాకే, నిండా గుండ్లతో నా ఒళ్లో పెట్టి, ఎదురుగ్గా కూర్సున్న్యాడు. కాల్సు అన్న్యాడు. నేను వాని అన్నను నరికినోణ్ని, నేనేం కాల్సేది? తెరిసి, గుండ్లు తీసి గడప మీద పెట్టినా. మా ఆడిది ఇద్దర్నీ తిట్టి మజ్జిగ పోసింది. మర్సనాటి నుంచి దినామూ ఇస్తాండాడు. నేను సూసి ఇస్తాండా."

ఇంతలో సుబేదారప్ప వచ్చారు. తెరిచిన తుపాకి, దుప్పటి, నా ముఖం, తాత పైకెత్తిన పంచె చూశారు. చెప్పాల్సిన పని లేకపోయింది. నా చెంప పగలగొట్టారు. చెవిలో చాలాసేపు గుయ్యిమంది. ఇంకోసారి చెయ్యెత్తితే తాత చంకకర్ర అడ్డం పెట్టాడు. అప్పుడు ఆయన కిందనే, ఆ పెంకుల్లోనే కూలబడ్డారు.

"నా కేసులో ఒక్కడు సాక్షం సెప్పింటే నేను జైలుకు పోయింటా" అన్నారు. "పోయింటే బాగుండు. శిక్ష పడలేదు పాపా నాకు. అందుకే ఇన్నేండ్లయినా అది అయిపోలేదు. నువ్వు సూసినావు గదా మీ తమ్ముణ్ని కొట్టింది. నువ్వు సెప్పు."

నేను వినలేదు. ఆ రోజు ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టి వచ్చేశాను. ముసలోళ్లిద్దరూ ఒకరు అన్ననూ ఒకరు కాలునూ పోగొట్టుకుని ఇప్పుడు నాకు నీతులు చెబుతున్నారన్నాను. రెండు వారాలు క్వారీ ముఖం చూడలేదు. కానీ అన్నం తినబోతే వేళ్ల కొసల్లో ఆ గింజలు కదిలేవి. సమన్లు వచ్చినప్పుడు అమ్మ వద్దంది. ఒక్కదానివి మిగిలావు, పోవద్దు అని కాళ్లు పట్టుకున్నంత పని చేసింది. వాడి మనుషులు రాజీకి రమ్మని ఇంటికి వచ్చారు. అప్పుడు నేనే స్కూటీ తీసి క్వారీకి వెళ్లి, వాయిదా ఎప్పుడో ఆయనకు చెప్పాను. చెంప సంగతి ఆయనా ఎత్తలేదు, తిట్ల సంగతి నేనూ ఎత్తలేదు.

కోర్టు వరండాలో ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని నిటారుగా కూర్చున్నారు. పక్కన తాత. బెదిరించడానికి వచ్చిన నలుగురు కుర్రాళ్లు ఆ ఇద్దరినీ చూసి మెట్లు దిగి నిలబడ్డారు. లోపల నేను చూసిందంతా చెప్పాను, పడిపోయాక కొట్టిన దెబ్బతో సహా. ముద్దాయి తరఫు వకీలు లేచి, నువ్వు తుపాకి నేర్చుకుంటున్నావట కదా, దేనికి అని నవ్వుతూ అడిగాడు.

"వాణ్ని సంపాలనే నేర్సుకున్న్యా సార్" అన్నాను. "సంపలేదు. అందుకే ఈడికి వచ్చినా."

వాడు బోనులోంచి నన్ను మొదటిసారి సరిగా చూశాడు. ఆ తర్వాత, చాలా వాయిదాల తర్వాత, వాడికి శిక్ష పడింది. నా తర్వాత మా వీధిలో ఇంకో ఇద్దరు ఆడవాళ్లకు కూడా ఆ రోజు చూసింది గుర్తొచ్చింది.

నాకు ఉపశమనం కలిగిందని రాస్తే అబద్ధం. తీర్పు రోజు ఇంటికి వచ్చి, తమ్ముడి చొక్కా నోట్లో కుక్కుకుని ఏడ్చాను. నా కోపం ఎక్కడికీ పోలేదు. వాడు ఒకరోజు బయటికి వస్తాడు, అదే వీధికి వస్తాడు. ఆ రోజు నేనేం చేస్తానో నాకు తెలియదు. సుబేదారప్పను ఒకసారి అడిగాను, ఎట్లా కూర్చోగలిగావప్పా తాత పక్కన అని. కూర్చోవడం రాలేదు పాపా, లేచిపోవడం రాలేదు, అంతే అన్నారు. ఆ మాటకు అర్థం నాకు ఇంకా పూర్తిగా దొరకలేదు. దొరికేదాకా అడగడానికి ఇప్పుడు మనిషి లేడు. నేను ఏడుస్తున్నది దానికే.

ఆయన్ని పల్లెలో ఆయన చేలోనే పెట్టారు. నల్లరేగడి, ఎండకు బీటలు వారి ఉంది. మిలిటరీ మనిషి కాబట్టి గాలిలోకి కాల్చి సాగనంపుదామని ఎవరో కుర్రవాడు అన్నాడు. తాత వాడివైపు చూసిన చూపుకు వాడు గుంపు వెనక్కి పోయాడు. అందరూ మూడేసి పిడికిళ్ల మట్టి వేశారు. తాత వంగలేడు. చంకకర్ర నాకిచ్చి, గుంత అంచున కూర్చుని, ఉన్న ఒక్క కాలు లోపలికి వేలాడేశాడు. లెయ్ తాతా, మట్టి తోయాల అని పారలు పట్టుకున్నవాళ్లు అన్నారు. "తొయ్యండప్పా, నన్నేం జేస్తాది" అన్నాడు. వాళ్లు అటూ ఇటూ చూసి తోయడం మొదలుపెట్టారు.

మట్టి మెల్లగా పైకి వచ్చింది. తాత మడమను తాకింది. పాదాన్ని కప్పింది. పిక్కదాకా వచ్చినా తాత కాలు తీయలేదు. చివరికి నేను చంకల కింద చేతులు వేసి లాగాను. కాలు వచ్చింది, చెప్పు రాలేదు. పార పట్టుకున్న కుర్రవాడు తవ్వి తీస్తానన్నాడు.

"ఉండనీ" అన్నాడు తాత. "వానితోనే పోనీ."

మిట్టమధ్యాహ్నం. నేల కాలుతోంది. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో నా భుజం పట్టుకుని, ఉత్తకాలితో ఆ చేను దాటి రోడ్డుమీదికి నడిచాడు.